రోగనిరోధక వ్యవస్థను చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఎన్‌కే కణాలు ఏ వైపు?

టీ కణాలు, బీ కణాలు శత్రువును గుర్తుపట్టే తమ రిసెప్టార్ల జన్యువులను కత్తిరించి, కొత్త వరుసలో అతికించుకుంటాయని గత పాఠంలో చూశాం. ఆ పని చేసే కణాన్ని ఆర్జిత (శత్రువును ఎదుర్కొన్నాక అలవడే) రోగనిరోధకత గడిలో, చేయనిదాన్ని స్వాభావిక (పుట్టుకతోనే ఉండే) రోగనిరోధకత గడిలో రాసుకున్నాం. పాత శత్రువును గుర్తుంచుకునే జ్ఞాపకం ఆర్జిత గడి సొత్తనీ రాసుకున్నాం. ఈసారి నేచురల్ కిల్లర్ కణాలు, అంటే ఎన్‌కే కణాలు.

టీ, బీ కణాల్లాగే ఇవీ లింఫోసైట్లే, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలే. రక్తంలోని లింఫోసైట్లలో సుమారు 5 నుంచి 15 శాతం ఉంటాయి. కానీ జన్యువులను కత్తిరించుకోవు. కాబట్టి స్వాభావికం గడిలో రాయండి, పెన్సిల్‌తో.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇప్పుడొస్తుంది. కేంద్రకం ఉన్న కణాలు దాదాపు అన్నీ ఎంహెచ్‌సీ క్లాస్ 1 ప్రోటీన్‌ను పైకి చూపిస్తాయి. లోపల వైరస్ ఉంటే దాని ముక్కలు ఆ ప్రోటీన్ మీదే కనబడతాయి, కిల్లర్ టీ కణం వాటిని పసిగట్టి చంపుతుంది. సైటోమెగాలోవైరస్ ఆ ప్రోటీన్‌నే పైకి రానివ్వదు. టీ కణానికి ఇక ఆనవాలు దొరకదు. ఎన్‌కే కణాన్ని ఆపి ఉంచేది మాత్రం ఆ ప్రోటీనే. అది లేకపోతే అడ్డు తొలగిపోతుంది. 1986లో స్వీడన్‌లో క్లాస్ కారె బృందం ఎలుకల లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్) కణాలతో ఈ సంగతి చూపించింది.

మరి ఎంహెచ్‌సీ దాదాపు లేని ఎర్ర రక్తకణాలు ఎలా బతుకుతున్నాయి? ఇక్కడ ఆగి ఆలోచించండి. అడ్డు తొలగితే చాలదు, రెచ్చగొట్టే సంకేతం కూడా కావాలి. ఒత్తిడికి లోనైన కణం మీద మికా లాంటి ప్రోటీన్లు మొలుస్తాయి, అవే ఆ సంకేతం. ఎర్ర రక్తకణం మీద అలాంటివి ఉండవు. అందుకే ఏ కణాన్ని చూసినా రెండు ప్రశ్నలు వేయండి: ఆపేది ఉందా? రెచ్చగొట్టేది ఉందా? రెండూ ఉంటే ఏది బలమైతే అదే గెలుస్తుంది. చంపాలని తేలితే కణానికి రంధ్రాలు చేసే పెర్ఫోరిన్, లోపలికెళ్లి చంపే గ్రాంజైమ్‌లు విడుదలవుతాయి. కిల్లర్ టీ కణం వాడే ఆయుధాలూ ఇవే.

ఇక పెన్సిల్ ఎందుకంటే, ఎన్‌కే కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీన్‌తో, క్రిములను మింగే మాక్రోఫేజ్‌లను ఉసిగొల్పుతాయి, టీ కణాల తీరునూ మారుస్తాయి. బీ కణాల సంతతి తయారుచేసిన యాంటీబాడీ అంటుకున్న కణాన్ని తమ మీదున్న సీడీ16 అనే రిసెప్టార్‌తో పట్టుకుని చంపుతాయి. ఎలుకల్లోనైతే, ఒకసారి సైటోమెగాలోవైరస్‌ను ఎదుర్కొన్న ఎన్‌కే కణాలు మరోసారి మరింత బలంగా స్పందిస్తాయని 2009లో తేలింది. జ్ఞాపకం ఆర్జిత గడి సొత్తని మనం రాసుకున్న వాక్యాన్ని దిద్దుకోవాల్సిందే.

అభ్యాసం: ఒక క్యాన్సర్ కణం మీద ఎంహెచ్‌సీ మామూలుగానే ఉంది, మికా లేదు, కానీ ఒళ్లంతా యాంటీబాడీలు అంటుకున్నాయి. రెండు ప్రశ్నలూ వేసి, ఎన్‌కే కణం ఏం చేస్తుందో కారణంతో రాయండి. 5వ పాఠం మీ జవాబుతోనే మొదలుపెడదాం.