జీడి పరిశ్రమకు అప్పు అడిగేముందు పనిరోజులు లెక్కపెట్టండి

శ్రీకాకుళం జిల్లాలో బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల చిన్న జీడి పరిశ్రమ పెడదామనుకునే కుర్రాళ్లు ఇప్పటికీ సలహాకి వస్తుంటారు. అందరూ ముందు మిషన్ల కొటేషనే చూపిస్తారు. నేను మాత్రం ‘ఎంతమందికి, ఏడాదిలో ఎన్ని రోజులు పని?’ అని అడుగుతాను.

ఓ యూనిట్‌కి బాయిలర్, కటింగ్ మిషన్ల కోసం టర్మ్ లోన్ (ఏళ్ల తరబడి వాయిదాల్లో తీర్చే అప్పు) నేనే సిఫారసు చేశాను. పిక్కలు (పెంకుతో ఉన్న జీడిగింజలు) కొనే వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకుకీ కూలికీ కావాల్సిన నడుపుడు పెట్టుబడి అప్పు ఫైలు మా బ్రాంచిలోనే ఆగింది. శాంక్షనయ్యేసరికి సీజన్ దాటిపోయింది. సరుకు లేక షెడ్డుకి తాళం పడింది. పొట్టు తీసే పద్నాలుగు మంది ఆడవాళ్లలో కొందరు చెన్నై భవనాల పనికి వలసపోయారు. మా రిపోర్టులో మాత్రం ఉపాధి కల్పించినట్టే రాసి ఉంది. ఆ బాధ నన్నింకా వదల్లేదు.

కాబట్టి ముందు తెల్లకాగితం మీద పన్నెండు నెలలూ రాయండి. ఒక్కో నెల ఎన్ని బస్తాల పిక్కలు కావాలి (బస్తా 80 కిలోలు), కొట్టడానికి, పొట్టు తీయడానికి, గ్రేడింగ్‌కి ఎంతమంది కావాలి? చేతిలో డబ్బుతో కొన్న పిక్కలు ఏ నెలలో అయిపోతాయో అక్కడ గుర్తు పెట్టండి. ఆ నెల నుంచి వాళ్లకి పని లేదు. బ్యాంకుని అడగాల్సింది ఆ ఖాళీకి సరిపడా డబ్బు.

చిన్న పరిశ్రమల వర్కింగ్ క్యాపిటల్‌కి బ్యాంకులు, రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీ చెప్పిన లెక్క వాడతాయి. ఏడాది అమ్మకాల అంచనా 60 లక్షలైతే అందులో 20 శాతం, అంటే 12 లక్షలు బ్యాంకు ఇస్తుంది. 5 శాతం, 3 లక్షలు మీరు పెట్టుకోవాలి. ఈ లెక్క డబ్బు ఏడాదికి నాలుగుసార్లు తిరుగుతుందన్న అంచనా మీద కట్టింది. జీడిపిక్కలేమో వేసవి సీజన్లోనే కొని నిల్వ చేసుకోవాలి, డబ్బు అన్నిసార్లు తిరగదు. ఆ మాట ప్రాజెక్టు రిపోర్టులో స్పష్టంగా రాసి, 20 శాతానికి మించి అడగండి. ఆ 20 శాతం బ్యాంకు ఇవ్వాల్సిన కనీస మొత్తమే తప్ప గరిష్ఠ పరిమితి కాదు.

కేంద్ర ప్రభుత్వ స్వయం ఉపాధి సబ్సిడీ పథకం పీఎంఈజీపీ కింద వెళ్తే ప్రాజెక్టు ఖర్చులో ఒక విడత వర్కింగ్ క్యాపిటల్ కూడా చూపించవచ్చు. చాలామంది అది వదిలేస్తారు. పల్లెలో మహిళలకి సబ్సిడీ 35 శాతం. కానీ ఆ డబ్బు మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది, దాన్ని నమ్ముకుని పిక్కలకి అడ్వాన్సులు ఇవ్వకండి. ఒక పరిమితి దాకా అప్పుకి చిన్న పరిశ్రమల దగ్గర తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అడిగితే ఆ మాట మర్యాదగా గుర్తుచేయండి.

దరఖాస్తు సంక్రాంతిలోపే ఇవ్వండి. వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ వచ్చాక స్టాక్ స్టేట్‌మెంట్ (చేతిలో ఉన్న సరుకు లెక్క) నెలనెలా ఇస్తూ ఉండండి. అది ఆలస్యమైతే డ్రాయింగ్ పవర్ (ఆ లిమిట్లోంచి డబ్బు తీసుకునే వీలు) ఆగుతుంది, ఆ వారం కూలి డబ్బులు తీయడానికి ఉండవు.