నాణెం అంచు కొరికినట్టుందా? ఎదురు అంచు చూడండి

అంచు తెగిన రూపాయి చేతికొస్తే, అది టంకశాలలో జరిగిన పొరపాటో, తర్వాత ఎవరో కోసిందో తేల్చడానికి ముందు తెగిన చోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడండి. టంకశాలలో ముద్ర వేయకముందే బిళ్లను నొక్కి, చుట్టూ గట్టు లేపుతారు. ఒకవైపు లోహం లేకపోతే ఎదురువైపు ఒత్తిడి సరిగా పడదు. అందుకే అసలైన కోత నాణేల్లో ఎక్కువగా అక్కడ గట్టు పల్చబడి, మసకగా కనిపిస్తుంది. అన్నిటిలోనూ కాదు గానీ, ఉంటే మంచి ఆధారం.

తర్వాత పది రెట్ల భూతద్దంతో తెగిన చోట అక్షరాలు చూడండి. ముద్ర పడేటప్పుడు లోహం ఖాళీ వైపు జారుతుంది కాబట్టి, అసలుదైతే అక్షరాలు కోత దగ్గరికొచ్చేసరికి సాగి, పలచబడతాయి. ఆకురాయితో అరగదీసిందైతే అక్షరం కత్తిరించినట్టు టక్కున ఆగిపోతుంది, అంచున సన్నటి సమాంతర గీతలు ఉంటాయి.

బరువు కూడా తూచండి, 0.01 గ్రాముల త్రాసు చాలు. 2011 నమూనా రూపాయి 3.79 గ్రాములు, వ్యాసం 22 మిల్లీమీటర్లు. కోత పెద్దగా ఉన్నా బరువు పూర్తిగా ఉంటే లోహం పోలేదు, దెబ్బకి లోపలికి నొక్కుకుపోయింది. పక్కనే ఉబ్బు తగులుతుంది, గోటితో తడిమితే తెలుస్తుంది.

ఇక గీతల సంగతి: ముద్ర వేసే అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం చేరి నాణెం మీద గీత ఉబ్బెత్తుగా వస్తుంది. గుంటగా ఉండి, పక్కల లోహం లేచి ఉంటే అది గీరుడే.

పరీక్షించేముందు నాణేన్ని తోమకండి, తోమితే ఈ ఆనవాళ్లే చెరిగిపోవచ్చు.