జీన్స్ కింద మడత దగ్గర మిషన్ మొరాయిస్తే

జీన్స్ పొట్టి చేయడం గురించి నా దగ్గరికొచ్చే ఫిర్యాదులు చాలావరకు ఒక్క ప్రశ్నతో తేలిపోతాయి: సూది మార్చారా? "మొన్ననే మార్చాను, బాగానే ఉంది" అంటారు. తీసి చూస్తే పలచటి కాటన్ కుట్టిన 75/11 సైజు సన్న సూది. డెనిమ్‌కి కనీసం 90/14 కావాలి. బట్ట మందంగా ఉంటే 100/16. అదీ ప్యాకెట్ మీద జీన్స్ సూది అని రాసున్నదే. కుట్టు పొడవు 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు పెట్టండి. ఇవి చేసి, అప్పటికీ తీరకపోతేనే మిగతాది చదవండి.

కింది వైపు దారం గూడు కట్టేస్తోంది

గూడు కింద కనిపిస్తుంది కాబట్టి అందరూ కింది దారం ఉండే బాబిన్‌ని తిడతారు. తప్పు పై దారానిది. ఫుట్ (బట్టను నొక్కిపట్టే పాదం) దించి ఉంచి దారం ఎక్కిస్తే, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు మూసుకునే ఉంటాయి, దారం వాటి మధ్యకి దిగదు. ఫుట్ ఎత్తి, దారం మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించండి. జీన్స్‌కి వాడే లావు దారం పైన మాత్రమే వేసి, బాబిన్‌లో మామూలు దారం చుట్టండి.

లోపలి కుట్టు దగ్గర మందంగా లేచిన గట్టు రాగానే కుట్లు వదిలేస్తోంది, లేదా సూది విరుగుతోంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. మడత అంతా హాయిగా సాగుతుంది. కాళ్ల లోపలివైపు కుట్టు దగ్గరికి రాగానే మిషన్ మూలుగుతుంది, కదలకుండా అక్కడే పొడుస్తుంది, ఆపైన రెండు మూడు కుట్లు వదిలేసి దూకుతుంది. నేను ఇంకా లావు సూది వేశాను. టెన్షన్ బిగించాను, వదులు చేశాను. విసుగొచ్చి పెడల్ గట్టిగా తొక్కితే సూది విరిగి ఒక ముక్క కళ్లజోడుకి తగిలింది. చివరికి మిషన్‌ని రిపేరుకి మోసుకెళ్లాను. సూది, కింది షటిల్ కలిసే టైమింగ్ సరిచేశానని చెప్పి ఇచ్చారు. ఇంటికి తెచ్చి అదే ప్యాంటు పెడితే, అదే చోట అదే గొడవ.

అప్పటిదాకా నేను చూడనిది ఒక్కటే: గట్టు దగ్గర ఫుట్ ఒరిగిపోతోంది.

పొరలు లెక్కపెట్టండి. చాలా జీన్స్‌లో లోపలి కుట్టు రెండు అంచుల్నీ ఒకదానిలో ఒకటి మడిచి వేసిన జంట కుట్టు. అక్కడే నాలుగు పొరలున్నాయి. అంచుని రెండు మడతలు వేస్తే అవి పన్నెండవుతాయి, పక్కనేమో మూడే. ఫుట్ ముందు కొస ఆ గట్టు ఎక్కుతుంది, మడమ ఇంకా మూడు పొరల మీదే ఉంటుంది, గోడ మీద ముందుకాళ్లు పెట్టిన మేకలాగ. అలా ఒరిగినప్పుడు సూది దిగే చోట బట్టను నొక్కిపట్టేది ఏమీ ఉండదు. సూది అడుగుకి దిగి కాస్త పైకి లేచినప్పుడు దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. కింద తిరిగే షటిల్ కొన దాన్ని తగులుకుంటేనే కుట్టు పడుతుంది. బట్ట సూదితోపాటే పైకి లేచిపోతే ఉచ్చు ఏర్పడదు. బట్టను జరిపే కింది పళ్లకి కూడా బట్ట సరిగ్గా అందదు, అందుకే ముందుకు జరగదు. జరగట్లేదని మనం వెనకనుంచి లాగుతాం, సూది వంగి ప్లేటుకి కొట్టుకుంటుంది. విరిగిన సూదుల్లో చాలావాటి పాపం మన చేతులదే.

చేయాల్సింది ఫుట్‌ని మట్టంగా నిలబెట్టడం. కత్తిరించిన కాలు ముక్క ఎలాగూ పక్కనే ఉంటుంది. గట్టంత మందం వచ్చేలా దాన్ని మడవండి. ఫుట్ ముందు కొస లేవడం మొదలవగానే ఆపి, సూదిని బట్టలోనే ఉంచి, ఫుట్ ఎత్తి, ఆ మడిచిన ముక్కని వెనకనుంచి మడమ కిందికి దూర్చి ఫుట్ దించండి. ఇక పెడల్ జోలికి పోకుండా చేత్తో చక్రం తిప్పుతూ దాటండి.

ఇక్కడే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. గట్టు దిగేటప్పుడు కథ తిరగబడుతుంది: మడమ గట్టు మీద, ముందు కొస గాలిలో. ఇప్పుడు ఆ మడిచిన ముక్క ముందు కొస కిందికి రావాలి. ఇది తెలియడానికి నాకు ఇంకో రెండు ప్యాంట్లు పట్టాయి. ఎక్కేటప్పుడు ముత్యాల్లాంటి కుట్లు, దిగేటప్పుడు రెండు గల్లంతు.

కొన్ని మిషన్ల జిగ్‌జాగ్ ఫుట్‌కి పక్కన చిన్న నల్ల బొత్తం ఉంటుంది. ఫుట్‌ని మట్టంగా పట్టుకుని, బొత్తం నొక్కి ఉంచి దించితే, ఎక్కేటప్పుడు ఒరగకుండా బిగుసుకుంటుంది. నేనైతే ఏళ్ల తరబడి దాన్ని అలంకారమనుకున్నాను.

కుట్టే ముందు గట్టుని చదును చేస్తే సగం బాధ తప్పుతుంది. మడతని ఇస్త్రీ చేసి, గట్టి నేల మీద పెట్టి, పైన పాతగుడ్డ కప్పి సుత్తితో నాలుగు దెబ్బలు వేయండి. నవ్వొచ్చినా వేయండి, మందం నిజంగానే తగ్గుతుంది. కుట్టు మాత్రం గట్టు మీద మొదలుపెట్టొద్దు.

ఉతికాక కురచైపోయింది

ఉతక్కుండా కత్తిరించారు, అంతే. ముందే కుదించిన డెనిమ్ కూడా 3 శాతం దాకా లాక్కోవచ్చు. 75 సెంటీమీటర్ల కాలుకి అది 2 సెంటీమీటర్ల పైమాటే. కుదించని ముడి డెనిమ్ అయితే 10 శాతం దాకా పోతుంది. రెండుసార్లు ఉతికి, ఆరాక, దాంతో వేసుకునే చెప్పులో బూట్లో తొడుక్కుని, నిలబడి, వేరొకరి చేత గుర్తు పెట్టించుకోండి. రెండు కాళ్లకీ విడివిడిగా. కత్తెర వేసేటప్పుడు మడతకి 2.5 సెంటీమీటర్లు వదలండి.

మడత మెలితిరిగినట్టుంది, ముడతలు పడుతోంది

కిందికి సన్నబడే కాళ్లలో ఇది ఖాయం. సన్నని కొసని మడిచి పైనున్న వెడల్పు చోట పట్టించాలంటే అది చాలదు, బట్టను లాగేస్తుంది. లోపలికి పోయే మేరకు పక్క కుట్టు విప్పేయండి. ఏర్పడే చిన్న సందు మడత లోపలే ఉండిపోతుంది, బయటికి కనిపించదు. కాలు సన్నబడకపోయినా మెలిక వస్తే, పళ్లు కింది పొరని ముందుకు లాగేస్తున్నాయన్నమాట. గుండుసూదులతో సరిపెట్టకుండా చేత్తో టాకాలు వేసి కుట్టండి.

షటిల్ టైమింగ్, పళ్లు అరిగిపోవడం, సూది కడ్డీ వంగడం కూడా కారణాలే, కానీ అరుదు. అనుమానముంటే సన్న సూది వేసి మామూలు కాటన్ ముక్క మీద నాలుగు వరసలు కుట్టి చూడండి. అక్కడ ఒక్క కుట్టూ తప్పకపోతే మిషన్‌ని ఎక్కడికీ మోసుకెళ్లొద్దు. వెళ్లి డెనిమ్ ముక్కని మడవండి.