కోచింగ్ ఒప్పంద పత్రంలో ఏమేమి రాయాలి: బరంపురం వైపు మాస్టార్ల కోసం

ఒడిశాలోని బరంపురంలో పోటీ పరీక్షలకు కోచింగ్ మొదలుపెట్టిన తొలి రెండేళ్ళు నా అడ్మిషన్ ఫారం వెనుక ముద్రించిన షరతులు నేను రాసినవి కావు. ఒక పెద్ద నగరంలోని సంస్థ ఫారం చూసి ఇంగ్లీషులో ఉన్నవి ఉన్నట్టుగా దించుకున్నవి. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి, కొడుక్కి డిప్లొమాలో సీటు వచ్చిందని రెండు నెలలకే మాన్పించి మిగిలిన ఫీజు అడిగినప్పుడు, నేను ఆ ఫారం తిప్పి చూపించాను. "మాస్టారూ, మాది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఈ ఇంగ్లీషు నేను చదవలేదు, మీరు చదివి చెప్పలేదు. మరి నేను దేనికి సంతకం పెట్టినట్టు?" అని ఆయన అడిగారు. ఆ డబ్బు తిరిగి ఇచ్చేశాను. ఆ తరువాత ఆ షరతులన్నిటినీ పక్కనపెట్టి మొదటి నుంచి రాసుకున్నాను. అప్పుడు నేర్చుకున్నదీ, ఆ తరువాత వచ్చిన నిబంధనల వల్ల మార్చుకున్నదీ ఇక్కడ వివరిస్తున్నాను.

ఆయన అడిగిన ప్రశ్నకు 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోనే ఆధారం ఉంది. ఇద్దరు మనుషులు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకున్నప్పుడే దానిని సమ్మతి అంటారని ఆ చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. మన ప్రాంతంలో ఈ మాటకు బరువు ఎక్కువ. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాలలో తెలుగు మాట్లాడుతూ ఒడియా మాత్రమే చదవగలిగినవారు చాలామంది ఉన్నారు. ఇచ్ఛాపురం, సోంపేటల నుంచి వచ్చేవారికి ఒడియా లిపి తెలియదు. అందుచేత ఫారం తయారు చేసేముందు అడగవలసిన మొదటి ప్రశ్న, సంతకం చేసే మనిషి ఏ లిపి చదవగలరు అన్నది. నేను తెలుగు, ఒడియా ప్రతులు రెండూ ఉంచుకుని కుటుంబం కోరిన దానిమీద సంతకం తీసుకుంటాను. రెండు ప్రతుల మధ్య ఎక్కడైనా తేడా కనిపిస్తే, సంతకం చేసిన భాషలోని ప్రతే చెల్లుతుందని ఒక వాక్యం చేర్చాను. ఈ ఒక్క వాక్యం లేకపోతే రేపు అనువాదం మీద తగవు పడే అవకాశం ఉంటుంది.

ఎవరితో ఒప్పందం

పదిహేడేళ్ళ విద్యార్థి చేత సంతకం పెట్టించుకుని నిశ్చింతగా ఉండేవారిని చూశాను. ఆ సంతకానికి ఒప్పందంగా విలువ లేదు. పద్దెనిమిదేళ్ళు నిండనివారితో చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని, బ్రిటిష్ కాలంలో మనకు చివరి అప్పీలు కోర్టుగా ఉన్న ప్రీవీ కౌన్సిల్ 1903లోనే తీర్పు చెప్పింది. విద్యార్థి మైనరైతే తల్లి గానీ తండ్రి గానీ తమ సొంత హోదాలో ఫీజు చెల్లించే పక్షంగా సంతకం చేయాలి. విద్యార్థి పేరు సేవ పొందే వ్యక్తిగా ఉండాలి. కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ 2024 జనవరిలో ఇచ్చిన కోచింగ్ కేంద్రాల మార్గదర్శకాల ప్రకారం పదహారేళ్ళలోపు వారిని చేర్చుకోకూడదు, సెకండరీ పరీక్ష పూర్తయిన తరువాతే చేర్చుకోవాలి. ఆ మార్గదర్శకాలు యాభై మందికి మించి విద్యార్థులున్న కేంద్రాలను ఉద్దేశించినవి. అయినా ముప్పై మందితో నడిపేవారు కూడా వాటినే కొలతగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మన జిల్లాలలో మరో చిక్కు ఉంది. గంజాం నుంచి సూరత్‌కు వలస వెళ్ళిన తండ్రులు ఎందరో ఉన్నారు. పిల్లవాణ్ణి చేర్చేది మేనమామో తాతగారో అయితే, డబ్బు పంపేది సూరత్‌లో ఉన్న తండ్రి. అటువంటప్పుడు ఒప్పంద పత్రాన్ని పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో తండ్రికి పంపి, "చదివాను, అంగీకరిస్తున్నాను" అని ఆయన పేరుతో జవాబు తెప్పించుకుని, తేదీతో సహా దాచుకోవాలి. ఎలక్ట్రానిక్ రూపంలో జరిగిన ఒప్పందం ఆ కారణం చేత మాత్రమే చెల్లకుండా పోదని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 10ఏ సెక్షన్ చెబుతుంది. మేనమామ సంతకం సాక్షి సంతకంగా ఉంటే చాలు.

ఏమి ఇస్తున్నారో స్పష్టంగా

ఏ పరీక్షకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని గంటలు, ఏ భాషలో బోధన, బ్యాచ్‌లో గరిష్ఠంగా ఎందరు, మాక్ టెస్టులు ఎన్ని, మెటీరియల్ ఫీజులో కలిసే ఉందా అన్నవి రాయాలి. పైన చెప్పిన మార్గదర్శకాల ప్రకారం నోట్సు, మెటీరియల్‌కు విడిగా వసూలు చేయకూడదు. డెమో క్లాసు ఒకరు చెప్పి తరువాత బ్యాచ్‌ను మరొకరికి అప్పగించడం మన వృత్తిలో తరచుగా వినిపించే ఫిర్యాదు గనుక, ప్రధాన సబ్జెక్టులను ఎవరు బోధిస్తారో పేరుతో రాసి, వారు మారితే కుటుంబానికి ముందుగా తెలియజేస్తామనీ, కొత్త మాస్టారి పాఠం వారికి నచ్చకపోతే మిగిలిన ఫీజు వెనక్కి తీసుకుని మానుకునే హక్కు ఉంటుందనీ చేర్చాలి. ఈ వాక్యం రాయడానికి యజమానులు వెనుకాడతారు. రాసిన కేంద్రం మీద తల్లిదండ్రులకు కలిగే నమ్మకం నాకు అనుభవమే.

రైల్వే, బ్యాంకు పరీక్షలకు చెప్పేవారు పరీక్ష వాయిదా గురించి తప్పక రాయాలి. 2019లో వచ్చిన రైల్వే ఎన్‌టీపీసీ (క్లర్కు, స్టేషన్ మాస్టరు వంటి ఉద్యోగాల) నోటిఫికేషన్‌కు మొదటి దశ పరీక్ష 2020 డిసెంబరు 28న గానీ మొదలు కాలేదు. పరీక్ష అయ్యేవరకు చెబుతామని నోటిమాటగా అంటే అది మాస్టారికి మోయలేని భారం. కోర్సు గడువుతో అన్నీ ముగిశాయంటే విద్యార్థికి అన్యాయం. నా ఫారంలో ఉన్న మాటలు ఇవి: "కోర్సు ముగింపు తేదీ తరువాత పరీక్ష వాయిదా పడితే, విద్యార్థి మరో ఆరు నెలలపాటు టెస్టులకు, సందేహ నివృత్తి తరగతులకు అదనపు ఫీజు లేకుండా హాజరు కావచ్చును. పూర్తి తరగతులు మళ్ళీ వినదలచుకుంటే నెలవారీ ఫీజులో సగం చెల్లించాలి."

సెలవుల జాబితా జత చేయండి. రజొ, రథయాత్ర, సంక్రాంతి, ఉగాది అన్నీ మన ఇళ్ళలో ఉన్నవే. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్ర రోజుల్లో పాత బరంపురంలో సాయంత్రం తరగతులు నడపడం కష్టం. ముందే రాస్తే ఎవరికీ ఫిర్యాదు ఉండదు.

ఫీజు, వాపసు

తగాదాలన్నీ ఇక్కడే పుడతాయి కాబట్టి పత్రంలో సగం చోటు దీనికే కేటాయించినా తప్పులేదు. మొత్తం ఫీజు, వాయిదాల తేదీలు, ప్రతి చెల్లింపుకూ రసీదు, ఆలస్యమైతే ఎన్ని రోజుల గడువు అన్నవి అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. జీఎస్టీ సంగతి మరువకూడదు. కోచింగ్ సేవ మీద పన్ను 18 శాతం. ఒడిశాలో సేవల టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటితే నమోదు చేయించుకోవాలి. నమోదైనవారు పన్ను ఫీజులో కలిసి ఉందో, అదనమో స్పష్టం చేయాలి. నమోదు లేనివారు పన్ను పేరుతో ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. కోర్సు మధ్యలో ఫీజు పెంచకూడదని 2024 మార్గదర్శకాలలో ఉంది.

"ఒకసారి చెల్లించిన ఫీజు ఏ పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడదు" అన్న వాక్యం మీ ఫారంలో ఉంటే ముందుగా దానిని తీసివేయండి. అది నమ్ముకోదగిన రక్షణ కాదు. విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని చెప్పిన 2020 నాటి తీర్పులోనే జాతీయ వినియోగదారుల కమిషన్ కోచింగ్ సంస్థలకు ఆ మినహాయింపు వర్తించదని స్పష్టం చేసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, ఒప్పందం తప్పినందుకు నష్టంతో పొంతన లేని జరిమానా విధించే షరతులను, సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకోగలిగే షరతులను అన్యాయమైన ఒప్పందం కిందికి తెచ్చింది. ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ కూడా, పత్రంలో ఎంత మొత్తం రాసుకున్నా, దానికి మించకుండా సమంజసమైన పరిహారాన్నే ఇప్పిస్తుంది.

కాబట్టి లెక్క రాయండి. మార్గదర్శకాల ప్రకారం, ఫీజు పూర్తిగా చెల్లించి మధ్యలో మానుకున్న విద్యార్థికి మిగిలిన కాలానికి తగిన భాగాన్ని పది రోజుల్లో తిరిగి ఇవ్వాలి. కేంద్రమే హాస్టల్ నడుపుతుంటే హాస్టల్, మెస్ డబ్బు కూడా. పది నెలల కోర్సుకు 24,000 రూపాయలు తీసుకున్నారనుకుందాం. విద్యార్థి మూడు నెలలు పూర్తిచేసి మానితే మిగిలిన ఏడు నెలలకు నెలకు 2,400 చొప్పున 16,800 రూపాయలు వెనక్కి వెళ్ళాలి. ఈ ఉదాహరణనే ఫారంలో ముద్రించండి. "దామాషా ప్రకారం" అని రాసి వదిలేస్తే పదిమంది పది రకాలుగా అర్థం చేసుకుంటారు. నెల మధ్యలో మానితే ఆ నెలను పూర్తిగా లెక్కిస్తారా, రోజుల లెక్క వేస్తారా అన్నది కూడా చెప్పాలి. నేను రోజుల లెక్కే వేస్తాను. డిస్కౌంటు ఇచ్చి చేర్చుకున్నవారికి వాపసు, వారు నిజంగా చెల్లించిన మొత్తం మీద లెక్కించాలి. పూర్తి ఫీజు ప్రకారం గడిచిన నెలలకు కోత వేసి చేతిలో ఏమీ మిగలకుండా చేయడం న్యాయం కాదు.

వాపసు కోరే తీరు తేలికగా ఉండాలి: ఒక దరఖాస్తు లేదా వాట్సాప్ సందేశం, అది అందిన తేదీ నుంచి పది రోజులు, డబ్బు వచ్చిన ఖాతాకే తిరిగి చెల్లింపు. బకాయి ఉందని మార్కుల మెమోలు, టీసీలు అట్టిపెట్టుకునే అలవాటును దయచేసి మానండి. పిల్లల ఒరిజినల్స్ మన దగ్గర ఉండవలసిన అవసరమే లేదు. చూసి, నకలు తీసుకుని, అప్పటికప్పుడే తిరిగి ఇస్తామని ఒప్పందంలోనే రాయండి.

తుఫాను వచ్చినప్పుడు

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లాను కుదిపివేసింది. అక్టోబరు నెల మన బ్యాచ్‌లకు నడిమధ్య వస్తుంది గనుక "దైవాధీనమైన కారణాలకు సంస్థ బాధ్యత వహించదు" అని ఒక ముక్క రాసి ఊరుకోవడం సరిపోదు. తరగతులు ఆగితే ఏమవుతుందో రాయాలి. పదిహేను రోజుల వరకు ఆగితే అన్ని గంటలూ తరువాత ఆదివారాలలో పూర్తి చేస్తాము. నెల దాటితే విద్యార్థి ఇష్టప్రకారం ఆన్‌లైన్ తరగతులు గానీ మిగిలిన ఫీజు గానీ ఇస్తాము అని నా పత్రంలో ఉంది. ఒప్పందం నెరవేర్చడం అసాధ్యమైతే అది ఒప్పందాల చట్టం 56వ సెక్షన్ కింద రద్దవుతుందనీ, అలా రద్దైనప్పుడు అందుకున్న ప్రయోజనాన్ని తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ అంటుందనీ గుర్తుంచుకుంటే, తుఫాను పేరు చెప్పి డబ్బు ఉంచుకోవచ్చన్న ఆలోచన రాదు. కరెంటు, ఇంటర్నెట్ లేని ఊళ్ళకు ఆన్‌లైన్ తరగతి ప్రత్యామ్నాయం కాదని కూడా ఒప్పుకోవాలి.

హామీలు, ఫోటోలు, సొంత విషయాలు

సీటు గ్యారంటీ, ఉద్యోగం గ్యారంటీ అన్న మాటలు ఒప్పందంలోనే కాదు, కరపత్రంలోనూ ఉండకూడదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ రంగానికి ప్రత్యేకంగా ఇచ్చిన మార్గదర్శకాలు వాటిని నిషేధించాయి. "బోధన మా బాధ్యత, ఫలితం విద్యార్థి కృషి మీద, పోటీ మీద కూడా ఆధారపడి ఉంటుంది" అని సూటిగా రాయడమే గౌరవం. అదే మార్గదర్శకాల ప్రకారం, ఎంపికైన విద్యార్థి పేరు, ఫోటో వాడుకోవడానికి వ్రాతపూర్వక అనుమతి ఎంపికైన తరువాతే తీసుకోవాలి. చేరేరోజే ఫారంలో "నా ఫోటో వాడుకోవచ్చును" అన్న గడి పెట్టి టిక్కు కొట్టించుకునే పద్ధతిని తొలగించండి.

ఇంటర్వ్యూ శిక్షణ, కెరీర్ సలహా ఇచ్చేవారి దగ్గర విద్యార్థులు ఇంటి అప్పులు, ఆరోగ్యం, భయాలు అన్నీ చెప్పుకుంటారు. విన్నది బయట చెప్పబోమని రాయాలి; దానికి ఒకే ఒక మినహాయింపు కూడా రాయాలి. విద్యార్థి ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే సంరక్షకులకు తెలియజేస్తామని ముందే చెప్పి ఉంచితే, ఆ క్షణం వచ్చినప్పుడు మాస్టారు సంశయించనవసరం లేదు. మేము వైద్యులము కామని ఒక వాక్యం చేర్చి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416 పక్కనే ముద్రించాను. ఏ ఫారంలో ఏది లేకపోయినా ఇది ఉండాలని నా గట్టి కోరిక.

తగవు వస్తే

మొదట రాతపూర్వకంగా ఫిర్యాదు, ఏడు రోజుల్లో జవాబు, ఆ తరువాత ఇరువురికీ నమ్మకమున్న పెద్దమనిషి సమక్షంలో మాట్లాడుకోవడం అన్న వరుస రాయవచ్చు. "వివాదాలన్నీ బరంపురం పరిధిలోనే" అన్న షరతు మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. వినియోగదారుడు తాను నివసించే చోట ఫిర్యాదు చేసుకోవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ చెబుతున్నందున, ఇచ్ఛాపురం కుటుంబం శ్రీకాకుళం జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు. కారణం ఏర్పడిన రెండేళ్ళలోపు ఆ ఫిర్యాదు వేయవచ్చు కాబట్టి రసీదులు, హాజరు పట్టీ, టెస్టుల మార్కులు కనీసం అంతకాలం భద్రపరచుకోవాలి.

పత్రం సిద్ధమయ్యాక ఒక వకీలుకు చూపించి, స్టాంపు సంగతి కూడా అక్కడే తేల్చుకోండి. చేరేరోజున కుటుంబాన్ని కూర్చోబెట్టి ఫీజు, వాపసు, తుఫాను షరతులను పైకి చదివి వినిపించండి. ఇరవై నిమిషాలు పడుతుంది. వాపసు లెక్క ఉన్న పేజీ మీద విడిగా సంతకం తీసుకుని, రెండు ప్రతులలో ఒకటి వారి చేతికే ఇవ్వండి. వచ్చే ఏడాది షరతులు మార్చితే అవి కొత్తగా చేరేవారికి మాత్రమే వర్తిస్తాయని చివరి పంక్తిగా ఉంచండి.