‘వీక్’ అనే మాటకు సరైన తెలుగు ఎంచుకోవడం ఎలా?

ఇంగ్లీషు నుంచి అనువాదం కొత్తగా మొదలుపెట్టిన వారి రాతల్లో ‘వీక్’ అనే విశేషణం వచ్చిన ప్రతిచోటా ‘బలహీనమైన’ అన్న మాటే వచ్చి కూర్చుంటుంది. బలహీనమైన టీ, బలహీనమైన నవ్వు, బలహీనమైన సాకు అని చదువుకుంటూ పోతే అర్థం కాకపోదు గాని, అలా మాట్లాడే తెలుగువారు మాత్రం ఎక్కడా కనిపించరు. నిఘంటువు మొదట చూపే అర్థం తప్పు కాదు. ఆ మాటకున్న అనేక అర్థాల్లో అది ఒకటి మాత్రమేనని మరిచిపోవడం వల్లనే చిక్కు వస్తుంది.

‘వీక్’ అనే మాట స్కాండినేవియా ప్రాంతపు పాత భాష అయిన ప్రాచీన నార్స్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. వంగిపోవడం, ఒత్తిడికి లొంగడం అన్నది దాని మూలభావం. జర్మన్‌లో దీని సోదర పదానికి నేటికీ ‘మెత్తని’ అనే అర్థం. తెలుగు దారి వేరు. మనం చాలా చోట్ల లోపించినదాని పేరు పెట్టి చెబుతాం. ‘నీరసం’ అనే మాటను విడదీస్తే రసం లేకపోవడం అని తేలుతుంది. నిస్సారమైన నేలలో సారం లేదు, నిస్సత్తువలో సత్తువ లేదు, పస లేని వాదనలో పస లేదు. కాబట్టి ‘వీక్’ కనబడగానే అనువాదకుడు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ కొరవడినది ఏది?

టీలో కొరవడినది చిక్కదనమైతే అది పలచని టీ. పాలు సరిపోయినా రుచి దిగకపోతే డికాషన్ చాలలేదని రాయాలి. నవ్వులో కొరవడినది జీవం గనుక పేలవమైన నవ్వు. కంఠం విషయంలో హీనస్వరం, దీపం విషయంలో గుడ్డి వెలుతురు, చూపు విషయంలో ‘మందగించింది’ లేదా ‘ఆనడం లేదు’ అన్న మాటలు ఎప్పటి నుంచో వాడుకలో ఉన్నాయి. లెక్కల్లో వీక్ అయిన పిల్లవాడికి లెక్కలు అంతంతమాత్రం. ఒక తినుబండారం పట్ల ‘వీక్‌నెస్’ ఉందంటే అది లోపమే కాదు, పూతరేకులంటే ప్రాణమని రాస్తే సరిపోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైన చోటు వైద్యం. జ్వరం తగ్గిన మనిషి ‘వీక్‌గా ఉంది’ అంటే సాధారణంగా నీరసమే. కాని వైద్య గ్రంథాల్లో ఈ మాట చాలా సార్లు కండరంలో బలం తగ్గడాన్నే సూచిస్తుంది. ఆ బలాన్ని 0 నుంచి 5 వరకు అంకెలతో గుర్తించే పద్ధతి ఒకటి ఉంది: 5 అంటే మామూలు బలం, 3 అంటే భూమ్యాకర్షణకు ఎదురుగా అవయవాన్ని ఎత్తగలగడం, 0 అంటే కండరంలో చలనమే లేకపోవడం. ఒక పక్క చెయ్యి హఠాత్తుగా పట్టు తప్పడం పక్షవాతానికి ముఖ్య లక్షణం. ఆరోగ్య కరపత్రంలో దీన్ని ‘చేతిలో నీరసం’ అని అనువదిస్తే, చదివినవారు గ్లూకోజు నీళ్ళు తాగి పడుకోవచ్చు. ఆసుపత్రికి చేరవలసిన గంటలు అలా వృథా అవుతాయి. ‘చెయ్యి ఎత్తలేకపోవడం, పట్టు జారిపోవడం’ అని విడమరిచి రాయడమే క్షేమం. ఈ ఒక్క చోట పొరపాటు చేయవద్దని నేను ప్రత్యేకంగా కోరుతున్నాను.

శాస్త్ర విషయాల్లో మాత్రం పద్ధతి తలకిందులవుతుంది. అక్కడ సొగసు కన్నా స్థిరపడిన పరిభాష ముఖ్యం. రసాయన శాస్త్రంలో ‘బలహీన ఆమ్లం’ అనే రాయాలి, ‘పలచని ఆమ్లం’ అనరాదు, ఎందుకంటే అవి రెండూ వేర్వేరు సంగతులు. నీళ్ళు ఎంత కలిశాయన్నది గాఢతకు సంబంధించినది. అణువులు నీటిలో ఎంత మేరకు అయాన్లుగా, అంటే విద్యుదావేశం గల కణాలుగా, విడిపోతాయన్నది బలానికి సంబంధించినది. వినెగార్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం 0.1 మోలార్ గాఢత గల ద్రావణంలో నూటికి సుమారు ఒక అణువే విడిపోతుంది గనుక బలహీనమైనది. గాఢంగా ఉన్నప్పుడు కూడా అది బలహీన ఆమ్లమే, అయినా చర్మాన్ని కాల్చగలదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎన్ని నీళ్ళు కలిపినా బలమైన ఆమ్లంగానే ఉంటుంది. అలా నీళ్ళు కలిపి పలచన చేసినదాన్ని విలీన ఆమ్లం అంటాం. భౌతిక శాస్త్రంలో ‘బలహీన బలం’ అని రాస్తే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది కాబట్టి ‘బలహీన కేంద్రక బలం’ అనడం మేలు. ఆ పేరు కూడా బలమైన కేంద్రక బలంతో పోలిక వల్ల వచ్చినదే, ఎందుకంటే గురుత్వాకర్షణ దానికన్నా ఎంతో దుర్బలమైనది.

పరిపాలనా భాషలోనూ ఇంతే. రాజ్యాంగం 46వ అధికరణంలోని ‘వీకర్ సెక్షన్స్’ అనే పదబంధానికి ‘బలహీన వర్గాలు’ అన్నది స్థిరపడిన తెలుగు; 2019లో వచ్చిన 103వ సవరణ తరువాత ‘ఆర్థికంగా బలహీన వర్గాలు’ అన్నది దరఖాస్తుల్లోకి వచ్చింది. ఇలాంటి చోట కొత్త మాట పుట్టిస్తే పాఠకుడికి తన హక్కు ఏదో తెలియకుండా పోతుంది. వాతావరణ వార్తల్లో అల్పపీడనం బలహీనపడుతుంది, రుతుపవనాలు మందగిస్తాయి. మార్కెట్ మందకొడిగా సాగుతుంది.

పాస్‌వర్డ్ విషయంలో ‘బలహీనమైనది’ అని వదిలేయడం కన్నా ‘ఇతరులు సులువుగా ఊహించగలది’ అంటే వాడేవారికి ఏం చేయాలో తెలుస్తుంది. ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాల్లో ‘బలహీన క్రియలు’ అనే మాట వస్తే, చివర ప్రత్యయం చేర్చుకొని భూతకాలం ఏర్పరచుకునే క్రియలని ఒకసారి వివరించి తరువాత ఆ పేరే వాడవచ్చు. అచ్చు మార్చుకునేవి బలమైన క్రియలు.

కథలో పాత్ర నోట ‘ఒళ్ళంతా వీక్‌గా ఉందండీ’ అన్న మాట వస్తే దాన్ని దిద్దవలసిన పని లేదు. మన ఇళ్ళలో జనం అలాగే మాట్లాడుతున్నారు. కథకుడి వాక్యంలో మాత్రం ఆ మనిషికి కాళ్ళు తేలిపోతున్నాయో, అన్నం సహించడం లేదో, మెట్లెక్కితే ఆయాసం వస్తోందో చూసి ఆ సంగతి రాయాలి.