పొగమంచు ఫొటో బూడిదరంగులోకి పోతుంటే ఇలా సరిచేశా
ధనుర్మాసం తెల్లవారుజామున చంద్రగిరి కోట దగ్గర తీస్తే, కంటికి పాలలా కనిపించే పొగమంచు ఫొటోలో మాత్రం మురికి బూడిదరంగులో పడేది. కారణం కెమెరాలో వెలుతురు కొలిచే మీటరే: ఎదురుగా ఏమున్నా నడిమి బూడిదరంగుగా లెక్కేసుకుని, తెల్లటి దృశ్యాన్ని కూడా చీకటి చేసేస్తుంది. అందుకని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కకన్నా ఫొటోను వెలుగుగానో చీకటిగానో మార్చే సెట్టింగ్) +1 పెట్టి, హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి నుంచి కుడిన వెలుగు దాకా ఫొటోలో ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) కుడి అంచుకు గుద్దుకోకుండా చూసుకుంటూ, కెమెరా పట్టిన సమాచారమంతా దాచే రా (RAW) ఫార్మాట్‌లో తీశాను, తెలుపు తిరిగొచ్చింది. ఎడిటింగ్‌లో అందరి చెయ్యీ ముందు మసక తగ్గించే డీహేజ్ స్లైడర్ మీదికే పోతుంది. దాన్ని ఫొటో మొత్తానికి వేస్తే పొగమంచే పోతుంది, చలిలో లేచి వెళ్ళింది దానికోసమే కదా! మాస్క్ వేసి (అంటే ఎంచుకున్న భాగానికే మార్పు తగిలేలా చేసి) ముందున్న చింతచెట్టుకీ, గోడ రాళ్ళకీ మాత్రం కొంచెం ఇచ్చి, వెనక కొండల్ని అలాగే వదిలేశాను. వైట్ బ్యాలెన్స్ (ఫొటోలో రంగుల ఛాయను సరిచేసే సెట్టింగ్) ఆటోలో వద్దు, డేలైట్‌లో ఉంచితే ఆ వేళ ఉండే నీలిఛాయ నిలుస్తుంది.