గూడెంలో ప్రాజెక్టు గొడవగా మారుతుంటే: సమస్య, కారణం, పరిష్కారం

ములుగు, భూపాలపల్లి వైపు విదేశీ నిధులతో నీళ్లు, బడి, జీవనోపాధి పనులు చేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. "ఊరివాళ్లు సహకరించడం లేదు" అని రిపోర్టులో రాసేముందు చదవండి. ఆ మాట వెనక చాలాసార్లు ఉండేది మన నిర్ణయమే: ఎవరికి ఇచ్చాం, ఎక్కడ కట్టాం, ఎవరి చేతుల మీదుగా ఖర్చుపెట్టాం. 1990లలో అమెరికా ఆర్థికవేత్త మేరీ ఆండర్సన్ బృందం యుద్ధాలు నడుస్తున్న దేశాల్లో సాయం తీరు చూసి ఇదే తేల్చింది. బయటి నుంచి వచ్చిన సొమ్ము గొడవకు దూరంగా ఉండలేదు, అందులో భాగమైపోతుంది. సోమాలియాలో కరువు బాధితులకు పంపిన తిండిగింజలను సాయుధ ముఠాలు దోచుకున్నాయి. ఇక్కడ అంత తీవ్రత లేకపోయినా గొడవ పుట్టే దారి అదే.

సమస్య: లబ్ధిదారుల లిస్టు చదివిన మర్నాటి నుంచి ఒక వాడ వాళ్లు మీటింగుకు రావడం లేదు

కారణం: లిస్టు తీసి ఇంటిపేర్లు లెక్కపెట్టండి. సగం పేర్లు ఒకే ఇంటిపేరుతో ఉంటే, లేదా అన్నీ రోడ్డు పక్కనున్న వాడవే అయితే జవాబు అక్కడే ఉంది. కోయగూడెం, లంబాడా తండా పక్కపక్కనే ఉన్నచోట ఇది మరీ సున్నితం. 1976లో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. దాని మీద ఇతర ఆదివాసీ సంఘాల అభ్యంతరం ఇప్పటికీ ఉంది. 2017లో ఆదిలాబాద్ వైపు అది ఘర్షణల దాకా వెళ్లింది. మీరు పంచే పది మేకలను కూడా ఊరు ఆ పాత లెక్కలోనే చూస్తుంది.

పరిష్కారం: పేర్లకంటే ముందు అర్హతలు చెప్పండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ పేదరిక పథకాలకు లబ్ధిదారులను గుర్తించే అధికారాన్ని 1996 నాటి పీసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన చట్టం) గ్రామసభకే ఇచ్చింది. విదేశీ డబ్బుతో చేసే పనికీ అదే పద్ధతి పెట్టుకోండి. లిస్టును గూడెంలో ఒకసారి, తండాలో ఒకసారి గట్టిగా చదివించండి. రెండు వాడల వాళ్లూ కలిసే చోట్లు ఏవో ముందే రాసిపెట్టుకోండి: వారం అంగడి, బడి, ఆసుపత్రి. ఉమ్మడి వసతి ఏదైనా కట్టాలంటే అలాంటిచోటే కట్టాలి, ఒకరి వాడ నడిమధ్యలో కాదు.

సమస్య: బోరు బండి వచ్చింది, ఫారెస్టువాళ్లు ఆపేశారు

కారణం: అది పోడు భూమి. సాగు చేసేవాళ్ల దృష్టిలో సొంత చేను, రికార్డుల్లో రిజర్వు ఫారెస్టు. పట్టా దరఖాస్తు ఇంకా తేలలేదు. పైగా బోరు పడితే ఆ భూమి తమదేనని రుజువవుతుందని ఒకరి ఆశ, తమ చేయి దాటిపోతుందని ఇంకొకరి భయం. గుత్తికోయల ఆవాసాల్లో ఇది మరీ కష్టం. వాళ్లలో చాలామంది ఛత్తీస్‌గఢ్ హింస నుంచి పారిపోయి వచ్చినవాళ్లు, చేతిలో కాగితం ఉండదు.

పరిష్కారం: బడ్జెట్ రాసేముందే ఆ స్థలం ఎవరిదో ముగ్గురిని విడివిడిగా అడగండి: సాగు చేసేవాళ్లను, పక్క చేను వాళ్లను, ఫారెస్టు బీట్ ఆఫీసర్‌ను. జవాబులు కలవకపోతే స్థలం మార్చండి. వేరే స్థలం లేకపోతే 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ చూడండి. ప్రభుత్వం నడిపే తాగునీరు, బడి, అంగన్‌వాడీ లాంటి 13 రకాల వసతులకు, ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇచ్చే వీలుంది. హెక్టారుకు 75 చెట్లు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు తప్పనిసరి. కాబట్టి పంచాయతీతో కలిసి వెళ్లాలి. సంస్థ పేరుతో ఒంటరిగా వెళ్తే పని కాదు.

సమస్య: బండి కిరాయి, ఆఫీసు అద్దె, వంట మనిషి, అన్నీ ఒకే ఇంటి నుంచి

కారణం చెప్పనక్కర్లేదు. అద్దెలు, కిరాయిలు నాలుగైదు ఇళ్లకు పంచండి. ఎవరికి ఎంత ఇస్తున్నామో పంచాయతీ గోడ మీద అంటించండి.

సమస్య: పనివల్ల ఏ గొడవలు రావొచ్చో రాయమని దాతలు అడిగిన రిస్కు ఫారం నింపారు, మళ్లీ ఎవరూ తెరవలేదు

కారణం: హన్మకొండ ఆఫీసులో కూర్చుని రాసిన ఫారం అది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత విదేశీ నిధులు తీసుకున్న సంస్థ వాటిని మరో సంస్థకు ఇవ్వకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. ఊరి సంగతి తెలిసిన చిన్న సంస్థకు ఆ నిధుల్లోంచి వాటా ఇచ్చి పని అప్పగించే దారి అలా మూసుకుపోయింది.

పరిష్కారం: మీరే వెళ్లి అడగండి. మూడు నెలలకోసారి అవే ప్రశ్నలు, అవే వాడల్లో. ఆడవాళ్లను విడిగా, నీళ్ల దగ్గరే అడగండి. ఎవరి బిందె ముందు నిండుతోందో, ఎవరు పక్కకు జరుగుతున్నారో అక్కడ కంటికే కనిపిస్తుంది. అవసరానికి మించి పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోవద్దు. పోలీసులకు, మావోయిస్టులకు మధ్య నలిగిన ఊళ్లలో పేర్ల లిస్టు అంటేనే టెన్షన్.

సమస్య: గొడవ అప్పటికే మొదలైంది

ఇచ్చింది వెనక్కి తీసుకోవద్దు, దానివల్ల కొత్త పగ పుడుతుంది. మిగిలిన పంపిణీ ఆపండి. ఎందుకు ఆపామో రెండు వాడలకూ ఒకే రోజు, ఒకే మనిషితో చెప్పించండి. పని మళ్లీ మొదలుపెట్టేది గ్రామసభ తీర్మానం తర్వాతే. దాని నకలు ఇరువైపులా ఇచ్చి, ఆ తేదీనే దాతలకు రాయండి.